మావారు దాన్ని కన్నెత్తి చూడటం లేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మావారి వయసు 47. మలాశయంలో గడ్డ ఉందని ఏడు వారాల కిందట ఆపరేషన్ చేశారు. లోపలి కుట్లు మానేదాకా అని చిన్నపేగుని పొట్ట మీదికి తెచ్చి బ్యాగ్ పెట్టారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ లోపల కలిపేస్తామన్నారు. బ్యాగ్ మార్చడం ఆస్పత్రిలో నాకు నేర్పించారు. అప్పటినుంచి అన్నీ నేనే చేస్తున్నాను. నేను మారుస్తున్నంతసేపూ ఆయన గోడ వైపు తల తిప్పుకుని కళ్లు మూసుకుంటారు. ఈ ఏడు వారాల్లో ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు.

ఇంటికొచ్చిన కొత్తలో ఒక రాత్రి బ్యాగ్ ఊడిపోయి మంచమంతా పాడైంది. శుభ్రం చేస్తుంటే నాకు కడుపులో తిప్పేసింది. బాత్రూమ్‌లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. ఆయన చూశారు. మర్నాటి నుంచి వేరే గదిలో పడుకుంటున్నారు. మాతో కలిసి భోంచేయరు. బ్యాగ్ తొందరగా నిండుతుందని నీళ్లు కూడా తక్కువ తాగుతున్నారు. స్నేహితులు ఫోన్ చేస్తే తీయరు. ‘ఇది తీసేసేదాకా నన్ను వదిలేయండి’ అంటారు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. మా అమ్మాయికి పదమూడేళ్లు. ‘నాన్న నన్ను దగ్గరికి ఎందుకు రానివ్వడం లేదు’ అని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. ఎప్పుడు లీకవుతుందో అని రాత్రిళ్లు నాకు నిద్ర ఉండదు, ఒకటే టెన్షన్. నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సమాధానం: అమ్మా, మీరు అడిగినదానికి జవాబు చెప్తాను. కానీ మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆయన నీళ్లు తక్కువ తాగుతున్నారన్న మాట. మిగతావన్నీ సర్దుకోవడానికి వారాలు పట్టినా ఫర్వాలేదు. ఇది మాత్రం రేపటికి కూడా వాయిదా వేయకూడదు. ముందు అదే మాట్లాడుకుందాం.

తిన్నదాంట్లో మిగిలిన నీటినీ ఉప్పునీ చివర్లో పీల్చుకుని ఒంట్లో నిలిపేది పెద్దపేగు. మీవారికి చేసినదాన్ని ఇలియోస్టమీ అంటారు. ఆహారం పెద్దపేగు దాకా వెళ్లకుండానే బయటికి వచ్చేస్తుంది. అందుకే పల్చగా వస్తుంది, దాంతోపాటు నీరూ సోడియమూ రోజూ పోతూనే ఉంటాయి. తాగడం తగ్గించినంత మాత్రాన బ్యాగ్ నిండటం పెద్దగా తగ్గదు. ఒంట్లో ఉన్న నీరే తరిగిపోతుంది. నోరు ఎండిపోవడం, మూత్రం ముదురు రంగులో కొంచెమే రావడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, ఎంత పడుకున్నా తీరని నీరసం. వీటిలో ఏది కనిపించినా నీరు తగ్గిందేమోనని చూసుకోవాలి. ఇలియోస్టమీ అయినవాళ్లు మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి రావడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. ముదిరితే కిడ్నీలు దెబ్బతింటాయి.

అలాగని ఉత్త నీళ్లు బలవంతంగా తాగించకండి. ఉప్పు లేని నీళ్లు మరీ ఎక్కువగా తాగితే అవి నిలవకపోగా, ఒంట్లోని ఉప్పుని కూడా వెంటబెట్టుకుని బ్యాగ్‌లోకి పోతాయి. చిన్నపేగు ఉప్పునీ గ్లూకోజ్‌నీ కలిపి పీల్చుకుంటుంది, వాటి వెంట నీరు లోపలికి వెళ్తుంది. ఓఆర్ఎస్ పనిచేసేది ఇలాగే. రోజుకి ఎంత ఓఆర్ఎస్, ఎంత నీళ్లు అన్నది మీ డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉంటే, బీపీ మాత్రలు వేసుకుంటుంటే అది కూడా గుర్తుచేయండి, ఎందుకంటే ఆ లెక్క మారుతుంది.

ఒక రెండు రోజులు బ్యాగ్ ఖాళీ చేసిన ప్రతిసారీ కొలత గీతలున్న జగ్గులో పోసి, ఎంత వచ్చిందో రాసుకోండి. కుదురుకున్న ఇలియోస్టమీ నుంచి రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా రావడం మామూలే. లీటరున్నర దాటుతుంటే, నీళ్లలా వస్తుంటే ఆ రోజే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. దాన్ని తగ్గించి చిక్కబరిచే మందులున్నాయి, అవి డాక్టర్ చెప్పిన మోతాదులోనే వాడాలి. ఈ కొలత పని ఆయన చేతే చేయించండి. ఎందుకో కిందకి వెళ్లేసరికి మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

మీరు ఆ సంగతి రాసిన తీరు చూస్తే, దాన్ని ఒక నేరంలా మోస్తున్నారని అర్థమైంది. నేను సర్జరీ వార్డుల్లో ఇరవై ఏళ్లకి పైగా నర్సుగా పనిచేశాను. కొత్తగా చేరినప్పుడు నాకూ వాంతి వచ్చింది, నాతోపాటు చేరినవాళ్లకీ వచ్చింది. మలం వాసనకి కడుపులో తిప్పడం మన ఒంటికి ఉన్న రక్షణ. ప్రేమ ఉన్నా అది ఆగదు. కొన్నిసార్లకి దానంతటదే తగ్గుతుంది. అందుకు మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కానీ ఆయన చూశారు. ఆ తర్వాత మీ ఇద్దరిలో ఎవరూ దాని గురించి నోరు విప్పలేదు. ఈ ఏడు వారాల కథలో నాకు ఎక్కువ దిగులు కలిగించింది అదే. మీరు మాట్లాడని చోట ఆయన తనకి తానే ఒక జవాబు రాసుకున్నారు: నన్ను చూస్తే ఈమెకి అసహ్యం. పక్క గదిలోకి వెళ్లిపోవడం, భోజనానికి రాకపోవడం, కూతుర్ని దగ్గరికి రానివ్వకపోవడం, అన్నీ ఆ జవాబులోంచే వచ్చాయని నాకు అనిపిస్తోంది. ఆయన మీ మీద కోపంతో దూరం జరగలేదు. మీకు కష్టం కలగకూడదని జరిగి ఉంటారు.

కాబట్టి ఆ మాట మీరే ఎత్తండి. బ్యాగ్ మార్చేటప్పుడు వద్దు, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు. ‘ఆ రాత్రి నాకు వాంతి వచ్చింది నిజమే. వాసనకి వచ్చింది. మీరంటే నాకు ఏ అసహ్యమూ లేదు. తర్వాత మీతో మాట్లాడాల్సింది, ధైర్యం చాలక ఊరుకున్నాను’ అనండి. ‘అబ్బే, నాకేమీ అనిపించలేదు’ అని మాత్రం అనకండి. ఆయన కళ్లారా చూసినదాన్ని కాదంటే, ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటా నమ్మరు. ఆయన వెంటనే కరిగిపోతారని కూడా అనుకోకండి. ఆ రోజు ఏమీ మాట్లాడకపోవచ్చు. మాట చెవిన పడితే చాలు.

వాసన గురించి ఇద్దరికీ తెలియాల్సిన విషయం ఒకటుంది. బ్యాగ్ సరిగ్గా అతుక్కుని ఉంటే బయటికి వాసన రాదు. ఆ ప్లాస్టిక్ పొరని వాసన దాటకుండానే తయారుచేస్తారు, చాలా బ్యాగ్‌లకి గాలి పోయేచోట బొగ్గు ఫిల్టర్ కూడా ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడూ మార్చేటప్పుడూ వాసన వస్తుంది. మిగతా వేళల్లో వస్తే ఎక్కడో అంచు లేచిందని అర్థం, చూసుకోవాలి. కానీ బ్యాగ్ ఉన్నవాళ్లకి తమ దగ్గర ఎప్పుడూ వాసన వస్తోందన్న భయం ఉంటుంది. ఎవరు కిటికీ తెరిచినా తనకోసమే తెరిచారనుకుంటారు. మీరు ఆయనతో ఒక ఒప్పందం చేసుకోండి. వాసన వస్తే మీరు మొహమాటం లేకుండా చెప్తారు. మీరు చెప్పలేదంటే రావడం లేదన్నట్టే. ఈ ఒక్క ఒప్పందంతో మనుషుల్లోకి రాగలిగినవాళ్లని నేను చూశాను. మీ వరకు, మార్చే రోజున ముక్కు కింద కాస్త మెంథాల్ బామ్ రాసుకుని, నోటితో ఊపిరి తీసుకోండి. మేము వార్డులో చేసిందీ అదే.

ఇక మీ ప్రశ్న. ఎక్కడ తప్పు చేస్తున్నానని అడిగారు. తప్పు అననుగానీ, మార్చుకోవాల్సింది ఒకటుంది. ఆ బ్యాగ్ మీ చేతుల్లో ఉండిపోయింది. అది ఆయన చేతుల్లోకి వెళ్లాలి.

మా అమ్మకి కొలాస్టమీ, అంటే పెద్దపేగుని ఇలాగే పొట్ట మీదికి తెచ్చే ఆపరేషన్, అయినప్పుడు నేను ఇదే పని చేశాను. నాకు చేతనైన పని కదా, అమ్మకెందుకు కష్టం అనుకున్నాను. నాలుగు నెలలు ఆవిడ చేయి పడనివ్వలేదు. ఒకసారి నేను వేరే ఊళ్లో ఉండగా బ్యాగ్ అంచు లేచింది. ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ అద్దం ముందు నిలబడి, ముప్పావుగంట కష్టపడి తనే మార్చుకుంది. నేను వచ్చాక చెప్పింది, ‘నన్ను పసిపిల్లని చేసేశావే. ఇది నాకు వచ్చు.’ ఆవిడ గొంతులో నిష్ఠూరం ఉంది, అంతకంటే ఎక్కువ సంతోషం ఉంది. ఆపరేషన్ అయ్యాక అమ్మ అలా మాట్లాడటం అదే మొదటిసారి. వందల మందికి ‘మీరే చేసుకోవాలి’ అని నేర్పిన నేను, సొంత తల్లి దగ్గర ఆ సంగతి మరిచిపోయాను.

మీవారు గోడ వైపు తిరిగి పడుకుంటున్నంతకాలం, అది ఆయనకి ఇంకొకరు చేసే పనిగానే ఉంటుంది. మీరు లేకుండా గంటసేపు బయటికి వెళ్లాలన్నా భయమే. భయపడేవాడు గదిలోనే ఉంటాడు.

ఒక్కసారిగా మొత్తం అప్పజెప్పకండి. ఖాళీ చేయడంతో మొదలుపెట్టండి, ఎందుకంటే అప్పుడు స్టోమా, అంటే పొట్ట మీదికి తెచ్చిన పేగు కొస, కనిపించదు. బ్యాగ్ మూడోవంతు నిండేసరికి ఖాళీ చేయాలి, సగం దాటనిస్తే బరువుకి అతుకు లాగేస్తుంది. కమోడ్ మీద కాస్త వెనక్కి జరిగి కూర్చుని, బ్యాగ్ కొసని కాళ్ల మధ్యకి వదిలి తెరవాలి. నీళ్లు చిందకుండా ముందే నాలుగు టిష్యూ కాగితాలు లోపల వేస్తే బాగుంటుంది. కొసని లోపలా బయటా తుడిచి మూసేయాలి. మొదటి ఒకటి రెండు సార్లు తలుపు బయట ఉండండి. లోపలికి వెళ్లకండి. ‘అయిందా’ అని పదేపదే అడగకండి.

అది అలవాటయ్యాక మార్చే పనిలో ఒక్కో ముక్కా. ఈసారి కత్తెర ఆయన చేతికివ్వండి, స్టోమా చుట్టూ చర్మానికి అతికించే ప్లేటుకి రంధ్రం ఆయనే కత్తిరిస్తారు. ఇంకోసారి పాత ప్లేటు ఆయనే తీస్తారు. లాగి పీకకూడదు. ఒక చేత్తో చర్మాన్ని కిందికి నొక్కుతూ, పైనుంచి మెల్లగా విడదీయాలి. ఎప్పుడో ఒకప్పుడు కళ్లు తెరుస్తారు. ఆ రోజు కోసం ముందే ఒక మాట చెప్పి ఉంచండి, చూడగానే బెదిరిపోకుండా: అది ఎర్రగా, తడిగా ఉంటుంది, మన నోటి లోపలి బుగ్గలాగే. స్టోమా అనే గ్రీకు మాటకి అర్థం కూడా నోరే. అది మెల్లగా కదులుతుంది, పేగు కాబట్టి. తుడిస్తే ఒక చుక్క రక్తం రావచ్చు, నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. అందులో నొప్పి తెలిపే నరాలు లేవు, ముట్టుకుంటే నొప్పి పుట్టదు. పచ్చి పుండు అనుకుని చూడటానికే భయపడేవాళ్లు చాలామంది. అది పుండు కాదని తెలిస్తే సగం భయం పోతుంది. చూసిన రోజున ఆయన ఏడ్చినా, కోపగించుకున్నా పక్కన కూర్చోండి. ఓదార్చే మాటలు వెతుక్కోనక్కర్లేదు.

మీకు మళ్లీ మళ్లీ లీకవుతుంటే ఒకటి చూడండి. ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చిన్నదవుతుంది. ఆస్పత్రిలో రాసిచ్చిన కొలతతోనే మీరింకా కత్తిరిస్తున్నారేమో. రంధ్రం పెద్దదైతే చుట్టూ చర్మం బయటపడుతుంది. చిన్నపేగు నుంచి వచ్చేదాంట్లో ఆహారాన్ని అరిగించే రసాలు ఉంటాయి, అవి తగిలిన చర్మం ఒరుసుకుపోయి చెమ్మ ఊరుతుంది. చెమ్మ మీద ప్లేటు అతుక్కోదు, మళ్లీ లీకవుతుంది. కొలిచే కార్డుతో వారానికోసారి కొలిచి, స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉండేలా కత్తిరించండి. పొద్దున్నే ఏమీ తినకముందు మార్చండి, అప్పుడు పేగు నెమ్మదిగా ఉంటుంది. గోరువెచ్చని ఉత్త నీళ్లతో కడిగితే చాలు. నూనె ఉన్న సబ్బులు, క్రీములు, తడి వైప్స్ వాడితే అతుకు పట్టదు. చర్మం పూర్తిగా ఆరాక ప్లేటు పెట్టి, అరచేయి వేడి తగిలేలా ఒకటి రెండు నిమిషాలు ఒత్తి ఉంచాలి. మూడు నాలుగు రోజులకోసారి, లీకవకముందే మార్చే అలవాటు చేసుకోండి. అంచు లేచిందని టేపు వేసి నెట్టుకురావొద్దు, కింద చర్మం కాలిపోతూ ఉంటుంది. కొలత సరిచేసినా లీకులు ఆగకపోతే స్టోమా నర్సుకి చూపించండి. పొట్ట మీద మడతను బట్టి వేరే రకం ప్లేటు కావాల్సి రావచ్చు.

రాత్రి భయం గురించి. భోజనం కాస్త ముందుగా ముగించి, పడుకునే ముందు బ్యాగ్ ఖాళీ చేసుకుని, మధ్యలో ఒకసారి లేచేలా అలారం పెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. దుప్పటి కింద నీరు దిగని షీటు వేయండి. మార్చడానికి కావాల్సినవన్నీ, ముందే కత్తిరించిన ప్లేటుతో సహా, ఒక సంచిలో పెట్టి మంచం పక్కనే ఉంచండి. అలారం ఆయన ఫోన్‌లో మోగాలి. మీరు నిద్రపోవాలి. ఎప్పుడో ఒక రాత్రి మళ్లీ లీకవుతుంది, ఎంత జాగ్రత్తపడినా అవుతుంది. అప్పుడు షీటు మార్చి, స్నానం చేసి పడుకోవడమే. అది ఎవరి తప్పూ కాదని ఆ రాత్రే ఇద్దరూ అనుకోండి.

స్నానం బ్యాగ్‌తోనైనా, బ్యాగ్ తీసేసైనా చేయొచ్చు, స్టోమాలోకి నీళ్లు పోతాయన్న భయం అక్కర్లేదు. బట్టలు కూడా పెద్ద సమస్య కాదు, బెల్టు సరిగ్గా స్టోమా మీద బిగుసుకోకుండా చూసుకుంటే చాలు. బరువులెత్తడం మాత్రం డాక్టర్ సరే అనేదాకా వద్దు, స్టోమా పక్కన హెర్నియా వచ్చే ప్రమాదం ఉంది. అప్పుడప్పుడు కింది నుంచి విరేచనం వచ్చినట్టనిపించి జిగురు పడితే ఆయన కంగారుపడకుండా ముందే చెప్పండి. వాడకంలో లేని పెద్దపేగు కూడా జిగురు తయారుచేస్తూనే ఉంటుంది. అయితే చీములా ఉన్నా, రక్తం కలిసినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి చెప్పాలి.

భోజనం దగ్గరికి రాకపోవడానికి స్టోమా చేసే చప్పుళ్లు కూడా కారణం కావచ్చు. గాలి బయటికి వచ్చేటప్పుడు శబ్దం అవుతుంది, దాన్ని ఆపుకోవడం ఆయన చేతుల్లో లేదు, అక్కడ బిగించి ఆపే కండరం ఉండదు కదా. చేత్తోనో మోచేత్తోనో మెల్లగా అదిమి పెడితే కాస్త తగ్గుతుంది. భోజనం మానేస్తే గాలి ఇంకా పెరుగుతుంది. నెమ్మదిగా, బాగా నమిలి తినమనండి. మొక్కజొన్న, పుట్టగొడుగులు, కొబ్బరి, గింజలు, ఎండు పండ్లు లాంటి పీచు పదార్థాలు చిన్నపేగులో ఉండకట్టి అడ్డుపడొచ్చు. వాటిని ఇప్పుడే తొందరపడి పెట్టకండి, పెట్టినప్పుడు ఒక్కోటి కొంచెం కొంచెంగా. మాత్రలు అరగకుండా బ్యాగ్‌లో కనిపిస్తే డాక్టర్‌కి చెప్పండి, నెమ్మదిగా కరిగే రకం మాత్రలు కొన్ని ఇలియోస్టమీలో పనిచేయకుండానే బయటికి వచ్చేస్తాయి. విరేచనాల మందు ఎవరు సలహా ఇచ్చినా వాడొద్దు.

నాలుగైదు గంటలుగా బ్యాగ్‌లోకి ఏమీ రాకుండా కడుపు నొప్పి, ఉబ్బరం, వాంతులు మొదలైతే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. స్టోమా రంగు ముదురు ఊదాగానో నల్లగానో మారినా, నొక్కిపట్టినా రక్తం ఆగకపోయినా అంతే.

‘ఇది తీసేసేదాకా’ అన్న మాట గురించి కాస్త గట్టిగా చెప్పాలి. తాత్కాలిక స్టోమాని మూడు నెలల ప్రాంతంలో మూసేయడం చూస్తుంటాం. కానీ మధ్యలో కీమో ఇవ్వాల్సి వస్తేనో, లోపలి కుట్లు మానడం ఆలస్యమైతేనో నెలలు జరుగుతాయి. కొందరికి అసలు మూయరు. మూసిన తర్వాత కూడా మలాశయంలో భాగం తీసేసినవాళ్లకి కొన్ని నెలలపాటు ఎక్కువసార్లు వెళ్లాల్సి రావడం, ఆపుకోలేకపోవడం ఉంటుంది. బ్యాగ్ తీసిన రోజు నుంచి మళ్లీ మామూలు మనిషినని లెక్కేసుకున్నవాళ్లు అప్పుడు రెండోసారి కుంగిపోతారు. నేను చూశాను, అందుకే చెప్తున్నాను. ఆ తేదీ కోసం ఎదురుచూడొచ్చు. జీవితాన్ని మాత్రం దానికి తాకట్టు పెట్టొద్దు. ఈ మాట మీరు చెప్తే నస అనిపించొచ్చు. వచ్చేసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఎప్పుడు మూస్తారు, ఆలస్యం కావడానికి ఏం కారణాలు ఉండొచ్చు, మూశాక ఎలా ఉంటుంది’ అని ఆయన చేతే అడిగించండి.

అన్నిటికంటే మందులా పనిచేసేది ఇంకొకటి ఉంది. బ్యాగ్‌తో బతుకుతున్న మరో మనిషిని కలవడం. అమెరికాలో నార్మా గిల్ అనే ఆవిడకి 1954లో ఇలియోస్టమీ అయింది. ఆపరేషన్ చేసిన సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్, 1958లో ఆవిడనే క్లీవ్‌లాండ్ క్లినిక్‌కి పిలిచి, మిగతా రోగులకి నేర్పే పని అప్పగించారు. ఆవిడ నర్సు కాదు. కానీ ఇస్త్రీ బట్టలు వేసుకుని పనికి వచ్చిన మనిషి తన బ్యాగ్ గురించి మామూలుగా మాట్లాడితే, మంచంలో ఉన్నవాళ్లకి అంతకంటే రుజువేం కావాలి? ఈనాటి స్టోమా నర్సుల వృత్తి అక్కడినుంచే మొదలైంది. మీ స్టోమా నర్సుని అడిగితే, మాట్లాడటానికి ఇష్టపడే పాత రోగి ఎవరో ఒకరిని చూపించగలరు. ఫోన్‌లో పది నిమిషాలైనా చాలు. మీరు ఆ గదిలో ఉండకండి.

అదే 1954లో డెన్మార్క్‌లో ఎలీసె సోరెన్సెన్ అనే నర్సు ఉండేది. ఆవిడ చెల్లెలు థోరాకి స్టోమా అయింది. లీకవుతుందేమోనన్న భయంతో థోరా బయట అడుగుపెట్టడం మానేసింది. అప్పట్లో ఇప్పటిలాంటి బ్యాగ్‌లు లేవు. వాడి పారేసే, అంటుకునే బ్యాగ్ ఆలోచన ఎలీసెకి వచ్చింది చెల్లెలి కోసమే. ఈ రోజు మీవారి పొట్ట మీద ఉన్నది ఆ ఆలోచనకి వారసురాలే. మీ ఇంట్లో జరుగుతున్నట్టే జరిగిన ఇల్లు అది కూడా, అందుకే మీకు చెప్పాలనిపించింది. మీవారికి కూడా చెప్పండి.

మీ అమ్మాయి సంగతి. పదమూడేళ్ల పిల్లకి నిజం చెప్పకపోతే, దానికంటే భయంకరమైనదేదో ఊహించుకుంటుంది. లేదా నాన్నకి నేనంటే ఇష్టం పోయిందనుకుంటుంది. ఇప్పటికే అనుకుంటోంది, మీరు రాసిన ప్రశ్నలో అదే ఉంది. ఒట్టు వేశానని మీరు నలిగిపోనక్కర్లేదు, దొంగచాటుగా చెప్పనూ వద్దు. ఆయన దగ్గరికి వెళ్లి ఒట్టు సడలించమని అడగండి. ‘బయటివాళ్లకి చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. అమ్మాయికి మాత్రం తెలియాలి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?’ రెండే దారులు ఇవ్వండి. చెప్పడం అంటే ఎంతో లేదు: నాన్న పేగుకి ఆపరేషన్ అయింది, మానేదాకా మలం పొట్ట మీద ఉన్న బ్యాగ్‌లోకి వస్తుంది, అది అంటుకునే జబ్బు కాదు. గాయం మానాక మెల్లగా వాటేసుకున్నా బ్యాగ్‌కి ఏమీ కాదని ఆయనకీ చెప్పండి. పిల్లలు మనకంటే త్వరగా అలవాటుపడతారు. ‘అది చప్పుడు చేస్తుందా’ అని అడిగి నవ్వేస్తుంది, చూడండి.

మీకూ ఒక మనిషి కావాలి, అక్కో, స్నేహితురాలో, మీ బాధ చెప్పుకోవడానికి. దానికి కూడా ఆయన దగ్గర అనుమతి తీసుకోండి. మీ పేరు మీద అడగండి, ‘నాకు అవసరం’ అని.

పడక గురించి మీరు వేరే గది అన్న మాటతో ఆపేశారు. మలాశయం దగ్గర ఆపరేషన్ చేసినప్పుడు లైంగిక స్పందనకి సంబంధించిన నరాలకి దెబ్బ తగలొచ్చు. మగవాళ్లలో అంగస్తంభన కొంతకాలం సరిగ్గా లేకపోవచ్చు. చాలామంది దీన్ని డాక్టర్‌కి చెప్పరు, భార్యకి అసలే చెప్పరు, గది మారిపోతారు. చికిత్స ఉంది, అడగాలి. అయితే ముందు ఆ సంగతి పక్కన పెట్టి, పక్కన పడుకోవడానికి రమ్మనండి. షీటు వేసి ఉంది, సంచి సిద్ధంగా ఉంది అని చెప్పండి. దగ్గరితనానికి తొందరేమీ లేదు. ఆ వేళ వచ్చినప్పుడు బ్యాగ్ ఖాళీ చేసుకుని, దానికో గుడ్డ తొడుగు వేసుకుంటే సరిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఓపిక పట్టకండి. ఇప్పుడున్న దిగులు, కోపం సహజమే, ఒంట్లో ఒక భాగం పోయింది మరి. కానీ నిద్ర, తిండి పూర్తిగా పోయి వారాలు గడుస్తున్నా, ‘నేను లేకపోతే మీరు సుఖంగా ఉంటారు’ లాంటి మాటలు వచ్చినా, అది కుంగుబాటు. దానికి మానసిక వైద్యం కావాలి. చనిపోవాలన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

రేపు పొద్దున జగ్గు, ఒక కాగితం, పెన్ను బాత్రూమ్‌లో పెట్టండి. రాసేది ఆయనే అని చెప్పండి. రెండు రోజులయ్యాక ఆ అంకెలు నాకు పంపించండి. లీటరున్నర దాటితే మాత్రం నాకు రాస్తూ కూర్చోకండి, ముందు ఆస్పత్రికి ఫోన్ చేయండి.